బోనవిల్ కడుపులో మడ్డి

కిక్ రాడ్ మీద కాలేసి తొక్కితే అది దిగలేదనుకోండి, ఇక రెండోసారి తొక్కకూడదు. ఏళ్ల తరబడి షెడ్డు మూలన పడి ఉన్న పాత బ్రిటిష్ బండి దగ్గర మొదటి నియమం ఇది. లోపల పిస్టన్ రింగులు తుప్పుపట్టి సిలిండరు గోడను కరుచుకుని ఉంటాయి. మన బలం చూపిస్తే విరిగేవి అవే. తెలిసినవాళ్లు ప్లగ్గులు రెండూ విప్పి, ఆ కన్నాల్లోంచి డీజిలూ, ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సులో వాడే ఆయిలూ కలిపి పోసి, గుడ్డ కుక్కి, వారం పది రోజులు దాని జోలికి పోరు. ఆ తర్వాత బండిని టాప్ గేర్లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపుతారు. నిన్నటికంటే ఇవాళ వెంట్రుకవాసి ఎక్కువ కదిలినా పట్టు వదులుతున్నట్టే.

ఇక్కడ చెప్పుకుంటున్న బండి ట్రయంఫ్ బోనవిల్ టీ120. 649 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. 1959 మోడలుగా వచ్చింది. 1963లో ఇంజినూ గేర్‌బాక్సూ ఒకే పెట్టెలోకి చేరాయి. తయారైంది ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ పక్కనున్న మెరిడెన్‌లో. తయారైన వాటిలో ఎక్కువ బళ్లు ఓడెక్కి అమెరికా వెళ్లిపోయాయి. అక్కడి గ్యారేజీల్లో, కొట్టాల్లో దశాబ్దాలు పడుకున్నవి కొన్ని ఇప్పుడు వచ్చిన దారినే వెనక్కి వస్తున్నాయి. కొనేవాడు ముందుగా చూసేది ఇంజిన్ నంబరు. 1963 నుంచి 1968 దాకా వచ్చిన మోడళ్లకు నంబరు ముందు ‘డీయూ’ అనే అక్షరాలుంటాయి. ఫ్రేము మీదా అదే నంబరు ఉంటే బండికి విలువ. పాత ఫ్యాక్టరీ లెడ్జర్లు ఇంగ్లండ్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు దగ్గర ఉన్నాయి. వాటిని తిరగేసి ఆ బండి మెరిడెన్ గేటు ఎప్పుడు దాటిందో చెప్పి సర్టిఫికెట్ కూడా ఇస్తారు.

బేరం మాత్రం టాంకు మీది సొట్టల చుట్టూ, మడ్‌గార్డు తుప్పు చుట్టూ జరుగుతుంది. ఇంజిన్‌కి ఏం జరిగిందో బయటికి కనపడదు. నిజం చెప్పాలంటే, ఈ ఇంజిన్‌ని బాగుచేయడం అరిగిన ముక్కలు మార్చడంతో అయిపోదు. దీన్ని గీసినవాళ్లు యజమాని చేతిని కూడా ఒక పార్టుగా లెక్కేసుకున్నారు. ఆ చెయ్యి ఎప్పుడు ఆగిపోయిందో, ఆగిపోయాక ఒక్కో చోటా ఏమైందో వెతకడమే సగం పని.

టర్నర్ గీసిన జంట

ట్రయంఫ్ డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ 1937లో స్పీడ్ ట్విన్ అనే బండి తెచ్చాడు. 498 సీసీ, ధర 75 పౌండ్లు. అప్పటికి బ్రిటన్‌లో మామూలు మోటార్‌సైకిల్ అంటే ఒకటే పెద్ద సిలిండరు. దాని ఫ్రేములోనే పట్టేంత పొందికగా రెండు సిలిండర్ల ఇంజిన్ కూర్చోబెట్టడం టర్నర్ తెలివి. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు కోవెంట్రీని కాల్చేసినప్పుడు ట్రయంఫ్ ఫ్యాక్టరీ కూడా పోయింది. 1942లో మెరిడెన్‌లో కొత్తది లేచింది. 1949లో అదే ఇంజిన్‌ని 649 సీసీకి పెంచి థండర్‌బర్డ్ అన్నారు. ప్యారిస్ దగ్గరి మోంట్లెరీ ట్రాక్ మీద మూడు బళ్లను 500 మైళ్లు గంటకు 90 మైళ్లకు పైన సగటుతో తిప్పి చూపించారు. 1956లో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో జానీ ఆలెన్ ట్రయంఫ్ 650 ఇంజిన్ పెట్టిన పొడవాటి డొప్ప బండిలో గంటకు 214 మైళ్ల వేగం అందుకున్నాడు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఆ రికార్డును ఒప్పుకోలేదు. కంపెనీ ఆ వాదులాటతో పని లేకుండా పేరు మాత్రం తీసేసుకుంది.

టర్నర్ ఇంజిన్‌లో పిస్టన్లు రెండూ జంటగా లేస్తాయి, జంటగా దిగుతాయి. ఒకటి మండితే, క్రాంకు ఇంకో పూర్తి చుట్టు తిరిగాక రెండోది మండుతుంది. అందుకే ఆ శబ్దం తాళం తప్పదు. అయితే కిందికీ పైకీ ఒక్కసారే ఊగే రెండు పిస్టన్ల బరువును క్రాంకు మధ్యలోని ఫ్లైవీలు పూర్తిగా సరితూచలేదు. 500 సీసీలో ఆ అదురు ఓర్చుకునేంతే. 650కి వచ్చేసరికి నట్లు వదులవడం, మడ్‌గార్డు పట్టీలు చీలడం, బల్బుల్లో తీగలు తెగడం మొదలైంది. ఆదివారం పొద్దున స్పానర్లు పట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడం అప్పటి యజమానులకు అలవాటు. అది సరదా కాదు, అవసరం.

స్క్రూలు చెప్పే చరిత్ర

సైడ్ కవర్ల స్క్రూలు చూస్తే పాత యజమానుల గుణం తెలిసిపోతుంది. తలలు నలిగి గుండ్రమై ఉంటే సరైన డ్రైవరు లేకుండా ఎవరో గింజుకున్నారన్నమాట. అంచున ఉలి గాటు ఉంటే సుత్తి కూడా వాడారు. కవరు అతుకులోంచి సిలికాన్ జిగురు బయటికి ఉబికి ఉంటే ఇంకా భయపడాలి. బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబుకుతుంది. ఆ ముక్క ఊడి ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది.

మన మెకానిక్కుల పెట్టెలోని 14, 17 నంబరు స్పానర్లు దీనికి పట్టవు. బ్రిటిష్ విట్‌వర్త్ సెట్టు వేరే ఉండాలి. పైగా 1960ల చివర్లో కంపెనీ అమెరికన్ మరలకు మారుతూ వచ్చింది. ఆ మధ్యకాలపు ఇంజిన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు బోల్టులకు రెండు రకాల మరలుండొచ్చు. వేళ్లతో నాలుగు చుట్లు ఎక్కని బోల్టుకు స్పానరు తగిలించకూడదు. ఆత్రపడితే అల్యూమినియం మర ఊడి చేతికొస్తుంది.

కుడి పక్క టైమింగ్ కవర్ తీస్తే పళ్ల చక్రాలు కనపడతాయి. క్యామ్‌షాఫ్టులు రెండు. ఒకటి సిలిండర్ల ముందు, ఒకటి వెనక. వాటి నట్లకు ఎడమ మర ఉంటుంది, అంటే కుడికి తిప్పితేనే వదులవుతాయి. ఇది తెలియక పొడుగాటి గొట్టం తగిలించి ఎడమకు లాగినవాళ్లు షాఫ్టు చివర తుంచుకున్నారు. చక్రాల మీద గుర్తులు ఉంటాయి కదా, అవి కలిసేదాకా ఇంజిన్‌ని తిప్పుదాం అనుకుంటే అదో వృథా ప్రయాస. మధ్య చక్రానికి 47 పళ్లు. క్రాంకు 94 చుట్లు తిరిగితే గానీ అన్ని గుర్తులూ ఒకేసారి ఎదురుపడవు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు విప్పేముందే ఫొటోలు తీసి, సొంత రంగు చుక్కలు పెట్టుకుంటారు.

హెడ్డు తొమ్మిది బోల్టుల మీద ఉంటుంది. అది అల్యూమినియం, కింద సిలిండర్ల దిమ్మ పోత ఇనుము. దిమ్మను ఎత్తేటప్పుడు దాని అడుగున ఉండే ట్యాపెట్లు జారి క్రాంకు గదిలో పడతాయి. వాటి మధ్య రబ్బరు ముక్క ఇరికించి ఆపాలి. ఏది ఎక్కడిదో రాసిపెట్టుకోవాలి కూడా. ఒక్కో ట్యాపెట్టు తన క్యామ్‌తో కలిసి అరిగి ఉంటుంది, చోటు మారిస్తే రెండూ చెడతాయి.

క్రాంకు గది నిలువుగా రెండు చెక్కలుగా విడిపోతుంది. ఆ రెండూ ఫ్యాక్టరీలో జతగా తయారైనవి, అడుగున ఒకే నంబరు కొట్టి ఉంటుంది. నంబర్లు వేరుగా ఉంటే ఎవరో పాత ఇనుము కొట్లోంచి ఒక సగం తెచ్చి అతికించారన్నమాట. అలాంటి దాంట్లో రెండు వైపుల బేరింగులూ ఒకే వరుసలో ఉంటాయన్న నమ్మకం లేదు. బేరింగులు ఊడదీయడానికి సుత్తి అక్కర్లేదు. చెక్కను ఓవెన్‌లో నీళ్లు మరిగేంత వేడి చేసి, బల్ల మీద చదునుగా ఒక్కసారి తట్టితే బేరింగు తన బరువుకే కింద పడుతుంది. అల్యూమినియం ఉక్కుకంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, అంతే. ఆ ఓవెన్‌లో తర్వాత కేకు చేసుకోవచ్చా అన్నది ఆ ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.

మడ్డి గొట్టం

ఈ ఇంజిన్‌లో అసలు గుట్టు క్రాంకు కడుపులో ఉంది. కనెక్టింగ్ రాడ్లు పట్టుకుని తిరిగే బిగ్ ఎండ్ భాగం లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో ఒక సన్నని ఉక్కు గొట్టం. పంపు తోసిన ఆయిల్ టైమింగ్ వైపు నుంచి క్రాంకులోకి దూరి, ఆ గొట్టం మీదుగా రెండు బిగ్ ఎండ్ బేరింగులకూ అందుతుంది. క్రాంకు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే ఆయిల్లోని మసి, దుమ్ము, లోహపు పొడి బరువెక్కువ కాబట్టి బయటి అంచుకు చేరి గొట్టం గోడకు పేరుకుంటాయి. మిగిలిన శుభ్రమైన ఆయిల్ బేరింగుకు వెళుతుంది. అంటే క్రాంకే ఫిల్టరు. కార్లలో లాగా మార్చిపారేసే ఫిల్టరు ఫ్యాక్టరీ పెట్టలేదు. ఉన్నవల్లా పెద్ద చెత్తను ఆపే వైరు జల్లెళ్లు మాత్రమే.

ఆయిల్‌ని రెండు వేల మైళ్లు కూడా తిరగకముందే మార్చేస్తూ, ఇంజిన్ మొత్తం విప్పినప్పుడల్లా ఆ గొట్టాన్ని కడుక్కుంటూ పోతే ఇది చక్కగా పనిచేసే ఏర్పాటే. చిక్కేమిటంటే, ఇంజిన్ మొత్తం విప్పకుండా ఆ గొట్టం బయటికి రాదు. రెండో యజమానికి, మూడో యజమానికి అలాంటిదొకటి లోపల ఉందన్న సంగతే తెలియదు. గొట్టం నిండిపోయాక మడ్డి బేరింగు దారికే అడ్డుపడుతుంది. ఆయిల్ అందని బిగ్ ఎండ్ వేడెక్కి పట్టేస్తుంది. రాడ్డు విరిగి క్రాంకు గది గోడను పొడుచుకుని బయటికొస్తుంది. దాంతో ఆ ఇంజిన్ నంబరుతో సహా తుక్కే.

దాన్ని విప్పడం ఓపికతో కూడిన పని. గొట్టం చివర గాటున్న బిరడా ఒకటి ఉంటుంది. అది వదులవకుండా ఫ్యాక్టరీలోనే అంచు మీద పంచితో పొడిచి పెట్టారు. ముందు ఆ పోటు గుర్తును చిన్న డ్రిల్లుతో తొలిచెయ్యాలి. తర్వాత బిరడా చుట్టూ వేడి చేసి, గాటుకు సరిగ్గా సరిపోయే బిళ్లను అరగదీసి తయారుచేసుకుని, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరుతో కొట్టాలి. బిరడా వచ్చాక చాలామంది గొట్టాన్ని పట్టుకుని లాగుతారు. రాదు. ఫ్లైవీలును పట్టి ఉంచే బోల్టుల్లో ఒకదాని ముక్కు ఆ గొట్టంలోకి దిగి ఉంటుంది. ముందు ఆ బోల్టు తీయాలి. అప్పటికీ రాకపోతే గొట్టం లోపల మర కోసి, బోల్టు ఎక్కించి లాగుతారు. వచ్చిన గొట్టంలో ఉండేది అడుగంటిన బెల్లప్పాకంలా గట్టిపడ్డ నల్లటి ముద్ద. స్క్రూడ్రైవరుతో గీరితే పెచ్చులుగా లేస్తుంది. పెట్రోలులో నానబెట్టి, సన్నని బ్రష్షుతో ప్రతి కన్నమూ తోమి, గాలి కొట్టి, అవతలి వైపు వెలుతురు కనిపిస్తోందా అని చూడాలి.

ఇదే పనిలో ఇంకో ప్రమాదం ఈమధ్యే వచ్చింది. పాత అల్యూమినియం కొత్తదిలా మెరవాలని చాలామంది విప్పిన చెక్కల మీద గాజుపొడి కొట్టిస్తున్నారు. ఆ పొడి ఆయిల్ కన్నాల్లో, రాకర్ బాక్సు సందుల్లో దాక్కుంటుంది. ఎంత కడిగినా కాస్త మిగులుతుంది. ఆయిల్ వేడెక్కాక అది బయల్దేరి కొత్త బేరింగుల్లోకి వెళుతుంది. మెరుపు మోజులో పాడైన ఇంజిన్లు, నిర్లక్ష్యంతో పాడైన వాటికంటే నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి. మొదటివాటికి డబ్బు పెట్టి మరీ ఆ గతి పట్టించారు.

యజమాని చేతినే నమ్ముకున్న ఈ డిజైనుకు 1969లో జవాబు వచ్చింది. హోండా సీబీ750కి నాలుగు సిలిండర్లు, బటన్ స్టార్ట్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, మార్చుకునే ఆయిల్ ఫిల్టరు. దాని క్రాంకు గది అడ్డంగా విడిపోయేది కాబట్టి ఆయిల్ కారే నిలువు అతుకు దానికి లేదు. స్పానరు పట్టడం రానివాడు కూడా కొనుక్కుని తిరగ్గలిగే బండి అది. అదే ఏడాది మాల్కం అప్‌హిల్ ఐల్ ఆఫ్ మ్యాన్ ప్రొడక్షన్ రేసులో బోనవిల్ మీద గంటకు 100 మైళ్ల సగటుతో ఒక చుట్టు తిరిగి చరిత్రకెక్కాడు. వేగంలో ట్రయంఫ్ ఓడలేదు మరి. ఓడింది సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరేవాడి దగ్గర. 1973లో మెరిడెన్ మూసేస్తామంటే కార్మికులు ఫ్యాక్టరీలో బైఠాయించారు. 1975లో ప్రభుత్వ రుణంతో సహకార సంఘంగా మారి, 1983 దాకా అదే ఇంజిన్‌ని 750 సీసీలో చేస్తూ పోయారు. ఆ 750ల క్రాంకులోనూ ఆ గొట్టం ఉంది.

థౌ లెక్కలు

విప్పడం అయ్యాక కొలవడం. అంగుళంలో వెయ్యో వంతును లేత్ పనివాళ్లు థౌ అంటారు. సిలిండరు పైభాగంలో, రింగులు ఎక్కి ఆగే చోట, అరుగుదల ఎక్కువ. అక్కడ గోరు తగిలించి చూస్తే మెట్టులా తెలుస్తుంది. బోరుకు వచ్చిందా లేదా అన్నది మాత్రం బోర్ గేజీయే తేల్చాలి. అసలు బోరు 71 మిల్లీమీటర్లు. 20 థౌ, 40 థౌ చొప్పున పెంచుకుంటూ పోవచ్చు, పిస్టన్లు ఆ సైజుల్లో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించాలి తప్ప ముందు కాదు. క్రాంకు జర్నళ్లను గ్రైండు చేస్తే 10, 20, 30 థౌ తక్కువ సైజు షెల్లు బేరింగులు వేస్తారు. కనెక్టింగ్ రాడ్లు అల్యూమినియం మిశ్రమం. వాటి బోల్టులు మాత్రం పాతవి ఎంత బాగా కనపడినా మళ్లీ వాడకూడదు. బిగించేటప్పుడు బోల్టు సాగుతుంది. ఆ సాగుడును మైక్రోమీటరుతో కొలుస్తూ బిగించేవాళ్లే సరైన పనివాళ్లు.

ఆయిల్ పంపు అరచేతిలో ఇమిడేంత ఇత్తడి దిమ్మ. అందులో రెండు ప్లంజర్లు. ఒకటి ఆయిల్‌ని ఇంజిన్‌లోకి తోస్తుంది. దానికంటే లావుగా ఉన్న రెండోది, కింద చేరినదాన్ని లాగి టాంకులోకి పంపుతుంది. వాటి కింద చిన్న గుళ్లు, స్ప్రింగులు. ఆ గుండు కింద నలుసంత చెత్త చేరినా పంపు ఆగిపోతుంది. పంపు గుండు సరిగ్గా కూర్చోకపోతే నిలబెట్టిన బండిలో టాంకులోని ఆయిల్ నెమ్మదిగా క్రాంకు గదిలోకి దిగుతుంది. నెలల తర్వాత వచ్చి కిక్ కొడితే వీధంతా పొగ. ఈ ఇంజిన్ దగ్గర పొగ చూసి బోరు పోయిందని తొందరపడి తేల్చకూడదు.

బిగింపులో అన్నిటికంటే చిరాకు పెట్టేవి పుష్ రాడ్ గొట్టాల రబ్బరు సీళ్లు. హెడ్డు ఒకేసారి రెండింటి మీద కూర్చోవాలి. మధ్యలో రాగి ప్యాకింగ్, ముందూ వెనకా ఈ గొట్టాల సీళ్లు. సీళ్లు లావైతే హెడ్డు వాటి మీదే నిలబడి ప్యాకింగ్ లీకవుతుంది. సన్నవైతే గొట్టం కింద ఆయిల్ కారుతుంది. హెడ్డును ఊరికే పైన పెట్టి, బిగించకుండా, ప్యాకింగ్ దగ్గర మిగిలిన సందును ఫీలర్ గేజీతో కొలవాలి. మిల్లీమీటరుకు కాస్త లోపు ఉంటే సరి. బ్రిటిష్ బళ్లు ఆయిల్ కారతాయన్న అపకీర్తిలో చాలా వాటా ఈ కొలత తీయని చేతులదే. రాగి ప్యాకింగ్ పాతదైనా పర్వాలేదు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాగి మళ్లీ మెత్తబడుతుంది.

ట్యాపెట్ల సందు ఇన్‌లెట్‌కు 2 థౌ, ఎగ్జాస్ట్‌కు 4 థౌ, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. అమాల్ కార్బురేటర్లు అరిగిపోతే కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి. పెట్రోలు సంగతే తలనొప్పి. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలు, ఫైబర్ టాంకులు దానికి తట్టుకోవు. 20 శాతం ఇథనాల్ పోసుకుంటున్న మన పాత బుల్లెట్ల వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

బుల్లెట్ మాటెత్తాం కాబట్టి ఒక సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని రెడిచ్. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్ పాత డిజైను ఇంజిన్‌ని 2000ల చివరిదాకా చేస్తూనే ఉంది. పుట్టిన చోట మ్యూజియం వస్తువైపోయింది గానీ, విజయవాడలో, వరంగల్‌లో, విశాఖలో పోలీసులూ రైతులూ కంట్రాక్టర్లూ రోజూ కిక్ కొట్టారు. పుస్తకం తెరవకుండా ఆ ఇంజిన్‌ని బల్ల మీద పరిచి, సాయంత్రానికి బిగించే మెకానిక్కులు మనకు తయారైంది అందుకే. వాళ్లలో ఎవర్ని మెరిడెన్ ఇంజిన్ ముందు కూర్చోబెట్టినా, విట్‌వర్త్ స్పానర్లూ, మడ్డి గొట్టం సంగతీ చెబితే చాలు, మిగతాది చేతికి తెలిసినదే. పాత బ్రిటిష్ కంపెనీల్లో నార్టన్ ఇప్పుడు టీవీఎస్ చేతికి వచ్చింది. బీఎస్ఏ పేరు మహీంద్రా వారి క్లాసిక్ లెజెండ్స్‌ది. ట్రయంఫ్ 400 బళ్లను పుణె దగ్గర చకన్‌లో బజాజ్ తయారుచేస్తోంది. అవేవీ యజమాని దగ్గర స్పానరు ఉందా అని అడగవు.

మొదటి కిక్

బిగించిన ఇంజిన్‌ని నేరుగా స్టార్ట్ చేయరు. ప్లగ్గులు తీసి, క్రాంకులోకి ఆయిల్ ఎక్కించి, బేరింగులు తడిసేదాకా కిక్ రాడ్‌ను చేత్తో తిప్పుతారు. ఇగ్నిషన్ టైమింగ్ పిస్టన్ పూర్తిగా పైకి రావడానికి 38 డిగ్రీల ముందు. ఒక్కో సిలిండరుకు ఒక పాయింట్ల జత ఉంటుంది కాబట్టి రెండింటినీ విడివిడిగా స్ట్రోబ్ లైటు కింద సరిచూడాలి. ఒకటి సరిచేసి రెండోదాన్ని కంటితో చూసి వదిలేస్తే, ఒక పిస్టన్ చల్లగా, రెండోది కరిగేంత వేడిగా పనిచేస్తాయి.

కార్బురేటరు మీది టిక్లర్ నొక్కి పెట్రోలు వేలికి తడి తగిలేదాకా ఆగి, కిక్ కొట్టి, ఇంజిన్ అందుకోగానే చెయ్యి యాక్సిలరేటరు మీద కాదు, ఆయిల్ టాంకు మూత మీదకు వెళ్లాలి. మూత తీస్తే లోపల రిటర్న్ గొట్టం కనపడుతుంది. ముందు బుడగలు, ఆ తర్వాత తెరలు తెరలుగా ఆయిల్ చిమ్మాలి. అది నిమిషంలోపు కనపడకపోతే వెంటనే ఆపేయాలి, శబ్దం ఎంత ముద్దొస్తున్నా సరే. పంపు గుండు కిందకు మళ్లీ చెత్త చేరిందన్నమాట.

ఆ తర్వాతి పని కొత్త రింగులను సిలిండరుకు అలవాటు చేయడం. మరీ మెల్లగా నడిపితే రింగులు కూర్చోవు, గోడ గాజులా నున్నబడుతుంది. మరీ తొందరపెడితే పిస్టన్ పట్టేస్తుంది. కాస్త లాగి, కాస్త వదిలి, చల్లార్చి, మళ్లీ లాగాలి. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక హెడ్డు బోల్టులు మళ్లీ బిగించాలి. అవి బిగిస్తే ట్యాపెట్ల సందు మారుతుంది కాబట్టి అవీ చూసుకోవాలి. మొదటి ఆయిల్‌ని 250 మైళ్లకే దించేసేవాళ్లున్నారు, అది దుబారా కాదు. రిటర్న్ గొట్టానికి కార్ల ఫిల్టరు ఒకటి తగిలించే కిట్లు దొరుకుతున్నాయి. అసలు రూపం చెడుతుందని కొందరు ఒప్పుకోరు గానీ, సీటు కింద దాగిపోయే దానికి అంత పట్టింపు అనవసరమని నా అభిప్రాయం. బండి స్టాండు కింద అట్టముక్క వేయడం మాత్రం ఇంకొన్నాళ్లు కొనసాగించవచ్చు. పుష్ రాడ్ సీళ్లు ఎంత కొలిచి వేసినా రెండు చుక్కలు రాలుతూనే ఉంటాయి.